మా పిల్ల షఖ్సియత్‌కు మార్కులేసేది ఎవరు?

పోయిన నెల ఆపా ఫోన్ చేసింది. "బిడ్డ రెండు దినాల సంది సరిగ తింటలేదంట. నువ్వు పట్నంలనే ఉన్నవ్ కదా, జర పోయి చూసి రా" అంది. ఆ ఆదివారం అసర్ నమాజ్ అయినాక అమీర్‌పేట వెళ్లాను. మైత్రీవనం వెనక సందుల్లో ఉంటుంది ఆ అమ్మాయిల హాస్టల్. మగవాళ్లను పైకి రానివ్వరు. మా భాంజీయే కిందికి దిగి వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది. నడుచుకుంటూ పంజాగుట్ట దాకా వెళ్లి ఒక ఇరానీ హోటల్లో కూర్చున్నాం. రెండో చాయ్ వచ్చేదాకా నోరు విప్పలేదు. తర్వాత ఖిస్సా మొత్తం బయటపడింది.

సోమాజిగూడలో ఒక కంపెనీ ఆఫీసు. కస్టమర్లతో ఫోన్లో మాట్లాడే నౌకరి. వెళ్లగానే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఇంగ్లీషులో వందకు పైగా వాక్యాలు ఇచ్చారు. ఒక్కోదాని కింద ఐదు గడులు, 'పూర్తిగా ఒప్పుకుంటాను' మొదలుకొని 'అస్సలు ఒప్పుకోను' దాకా. పార్టీల్లో నీ సందడే ఎక్కువా, కొత్తవాళ్లతో నీ అంతట నువ్వే మాట కలుపుతావా, నలుగురి చూపూ నీ మీద ఉంటే నీకు ఇష్టమేనా, ఇలాంటివి. మా పిల్ల ఉన్నదున్నట్టు జవాబులు పెట్టింది. మూడు రోజులకు 'మీరు ఈ ఉద్యోగానికి తగరు' అని మెయిల్ వచ్చింది. ఎందుకని ఫోన్ చేసి అడిగితే "ఎక్స్‌ట్రావర్షన్ తక్కువ వచ్చింది" అన్నారట. మర్నాడు అమీర్‌పేటలోనే ఒక పర్సనాలిటీ డెవలప్‌మెంట్ సంస్థకు వెళ్తే, నలభై రోజుల కోర్సుకు పన్నెండు వేలు కట్టమన్నారట, "మిమ్మల్ని పూర్తిగా మార్చేస్తాం" అని హామీ ఇచ్చారట.

"మామూ, ఇంగ్లీష్ రాదంటే నేర్చుకుంట. టైపింగ్ రాదంటే నేర్చుకుంట. నా పర్సనాలిటీనే బాగలేదంటే నేనేం చెయ్యాలె?"

ఈ సవాల్‌కు నేను జవాబు బాకీ ఉన్నాను. ఎందుకంటే బి.ఎడ్. కాలేజీలో పన్నెండేళ్లు సైకాలజీ పాఠం చెప్పినవాణ్ణి నేను. మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో పర్సనాలిటీకి 'మూర్తిమత్వం' అని పేరు. టెట్‌కూ డీఎస్సీకీ చదివేవాళ్లకు ఆ చాప్టర్ నోటికి వస్తుంది. ఆల్‌పోర్ట్ అంటే విశేషకాలు, మాస్లో అంటే అవసరాల అనుక్రమణిక, రోజర్స్ అంటే ఆత్మభావన. ఒక్కో పేరుకు ఒక్కో బిట్టు, ఒక్కో బిట్టుకు ఒక్కో మార్కు. నేనూ అలాగే చెప్పాను. ఈ ఇల్మ్ ఎవరి కోసం పుట్టిందో, ఏ దర్ద్‌లోంచి పుట్టిందో చెప్పలేదు. అందుకే ఇవాళ అవే మాటలు ఒక ఆడపిల్ల గుండె మీద రాయిలా పడితే నా కసూర్ కూడా అందులో ఉందనిపించింది.

నా ముద్దా సీదాగా చెప్తాను. విశేషకాల సిద్ధాంతం, మానవతావాదం, అస్తిత్వవాదం, ఈ మూడింటిలోనూ రెండేసి సగాలున్నాయి. ఒక సగం ఇన్సాన్ గురించి మాట్లాడుతుంది. రెండో సగం ఆ ఇన్సాన్ చుట్టూ ఉన్న దునియాను జవాబు అడుగుతుంది. మన బజారు మొదటి సగాన్ని అమ్ముకుంటోంది, రెండో సగాన్ని చెత్తబుట్టలో వేసింది. మిగిలింది ఒక్కటే ఇల్జామ్: తప్పంతా నీలోనే ఉంది.

ముందు విశేషకాల సంగతి చూద్దాం, ఎందుకంటే మా పిల్లను తూచింది ఆ తరాజులోనే.

ఈ తరాజు ఎలా తయారైందో తెలుసా? మనుషుల స్వభావాల్లో ముఖ్యమైన తేడాలన్నీ వాళ్ల భాషలో మాటలై ఉంటాయి అనే ఖయాల్‌తో. 1884లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ స్వభావాన్ని చెప్పే మాటలను నిఘంటువులో వెతికాడు. మనుషుల్లో 'మంచి జాతి'ని పెంచాలనే యూజెనిక్స్‌కు అంతకు ఏడాది ముందు పేరు పెట్టినవాడూ ఆయనే. 1936లో అమెరికాలో గార్డన్ ఆల్‌పోర్ట్, హెన్రీ ఆడ్‌బర్ట్ పెద్ద ఇంగ్లీషు డిక్షనరీ ముందేసుకుని మనిషి తీరును చెప్పే మాటలు 17,953 ఏరారు. రేమండ్ కేటెల్ ఆ రాశిని కుదించి కుదించి 16 గుణాలు చేసి, 1949లో ప్రశ్నాపత్రం తెచ్చాడు. ఆ తర్వాతి వాళ్లు ఐదుకు దించారు: కొత్తదనం పట్ల ఆసక్తి, పనిలో శ్రద్ధ, నలుగురిలో కలివిడి, మెత్తదనం, మనసు త్వరగా కలత పడటం. బిగ్ ఫైవ్ అంటే ఇదే.

పంజ్ అంటే ఫార్సీలో ఐదు. ఐదు గుట్టల వల్లే పంజాగుట్ట అనే పేరు వచ్చిందంటారు. ఇవాళ ఆ గుట్టలు ఎక్కడున్నాయో చూపించమంటే ఎవరూ చూపించలేరు. కానీ మా పిల్లలో ఐదు గుట్టలున్నాయనీ, వాటిలో ఒకటి ఎత్తు తక్కువగా ఉందనీ అరగంటలో చెప్పేశారు!

ఇన్సాఫ్‌గా మాట్లాడదాం. బిగ్ ఫైవ్ జాదూ కాదు, ఝూట్ కూడా కాదు. దాని వెనక దశాబ్దాల మెహనత్ ఉంది. వేలమందిని కలిపి చూస్తే పనిలో శ్రద్ధ ఉన్నవాళ్లు ఉద్యోగంలో కొంత మెరుగ్గా చేస్తారని మళ్లీ మళ్లీ తేలింది. 'కొంత' అన్న మాటను గట్టిగా పట్టుకోండి. వేలమంది సగటు గురించి చెప్పే మాట వేరు, ఎదురుగా కూర్చున్న ఒక్క ఆడపిల్ల తఖ్దీర్ ఫైస్లా చేయడం వేరు. 1968లో వాల్టర్ మిషెల్ అనే ఆయన ఈ పరీక్షలన్నిటినీ కుప్ప పోసి చూపించాడు. కాగితం మీది గుణానికీ, ఫలానా చోట ఆ మనిషి నడిచే తీరుకూ మధ్య సంబంధం మామూలుగా 0.30 దగ్గరే ఆగిపోతోందన్నాడు. సున్నా అంటే ఏ సంబంధమూ లేనట్టు, ఒకటి అంటే పూర్తిగా అతికినట్టు. దాని మీద ఏళ్ల తరబడి బహస్ జరిగింది. పలు సందర్భాలను కలిపి చూస్తే గుణాలు నిజంగానే కనిపిస్తాయని అవతలివాళ్లు నిరూపించారు. రెండు వైపులా నేర్చుకున్నది ఏమిటంటే, మనిషిని చోటుతో కలిపి చూడాలని. మా భాంజీ ఇంట్లో ఉంటే టీవీ పెట్టనక్కర్లేదు, అంత వాగుడు. మొహల్లాలో ఆడవాళ్ల గ్యాస్ బుకింగులు, బ్యాంకు ఫారాలు, ఆధార్ తిప్పలు అన్నీ ఫోన్లో మాట్లాడి తీర్చేది ఆమే. కంపెనీవాళ్లు అడిగిన పని అదే కదా! ఒక్క కాల్ మాట్లాడించి చూస్తే తెలిసిపోయేది.

ఇక జబాన్ సంగతి. పార్టీల్లో సందడి గురించి అడిగితే మా పిల్ల ఖతయీగా 'అస్సలు ఒప్పుకోను' అని పెట్టింది. ఎందుకు బేటా అంటే, "తాగేటోళ్ల దగ్గర నేనెందుకుంట మామూ?" అంది. మన దగ్గర షాదీకి పోతే దావత్ అంటాం, అఖీఖాకు పోతే దావత్ అంటాం. పార్టీ అంటే ఒకటి సీసా, లేదంటే జెండా. ఆ ఒక్క గడిలో కంప్యూటర్ కొలిచింది మా పిల్ల మిజాజ్‌ను కాదు, ఒక మాటకు రెండు నగరాల్లో ఉన్న రెండు మాయనేలను.

ఇదే ఇలాఖాలో ఎర్రమంజిల్ ఉంది. ఎర్ర గుట్ట మీద కట్టారు కాబట్టి తెలుగు చెవికి అది ఎర్రమంజిల్. అదే మహల్‌ను ఇరమ్ మంజిల్ అంటే ఫార్సీ తెలిసినవాళ్లకు జన్నత్ లాంటి బాగ్ గుర్తొస్తుంది. ఒకే మహల్, రెండు మాటలు, రెండూ నిజమే. మన పిల్లలు కూడా అలాంటి మహళ్లే. వాళ్లను ఒక్క ఇంగ్లీషు చెవితో విని తీర్పు చెప్పేస్తున్నారు.

ఆల్‌పోర్ట్ మన తెలుగు నిఘంటువు తెరిచి ఉంటే ఏం దొరికేదో ఆలోచించండి. మొహమాటం దొరికేది. ఉర్దూ లుగత్ తెరిచి ఉంటే లిహాజ్ దొరికేది, మురవ్వత్ దొరికేది. మొహమాటం అంటే భయం కాదు, సిగ్గు కాదు, చేతకానితనం కాదు. ఎదుటి మొహం చూసి మన మాటను కాస్త ఆపుకోవడం. పెద్దల ముందు గొంతు తగ్గించడం లిహాజ్. తహజీబ్ అంటూ మనం గర్వంగా చెప్పుకునే దాంట్లో సగం ఇదే. ఇది ఒక్క మనిషి లోపల ఉండే గుణం కూడా కాదు, ఇద్దరి మధ్య ఉండే సంగతి. దీనికి ఐదు గడుల్లో గడి ఏదీ? కలివిడి తక్కువ, ధైర్యం తక్కువ అని రాసేస్తారు. అమ్మానాన్నలు ఇరవై ఏళ్లు కష్టపడి నేర్పిన అదబ్‌ను ఒక సాఫ్ట్‌వేర్ ఐబ్ కింద జమకడుతోంది.

ఇది నా గుస్సా మాత్రమే అనుకోకండి. బొలీవియా అడవుల్లో వేట, సేద్యం మీద బతికే సిమానే అనే జనం మీద 2013లో ఒక పరిశోధన వచ్చింది. 632 మందిని వాళ్ల భాషలోనే అడిగి చూస్తే ఆ ఐదు గుణాల నక్షా అక్కడ సరిగా నిలబడలేదు. ఐదు గుట్టలు ప్రతి ఊర్లోనూ ఉండవన్న మాట.

ఇంకో సంగతి. గుణం అంటే ఏమిటో తొమ్మిది వందల ఏళ్ల కింద ఇమామ్ గజాలీ ఇహ్యాలో వివరించాడు. మనసులో పాతుకుపోయి, ఆలోచించే పని లేకుండా మనిషి చేత పనులు చేయించే స్థితిని ఆయన ఖుల్ఖ్ అన్నాడు. అఖ్లాఖ్ దాని బహువచనమే. ఇవాళ్టి విశేషకం నిర్వచనానికీ దీనికీ పెద్ద ఫరఖ్ లేదు. అయితే గజాలీ అక్కడ ఆగలేదు. స్వభావం మారదనుకుంటే నసీహత్‌కు, తాలీమ్‌కు అర్థమే ఉండదన్నాడు. డేగనూ గుర్రాన్నీ మచ్చిక చేయగలిగినప్పుడు ఇన్సాన్ ఎందుకు మారడని అడిగాడు. ఉస్తాద్, సోహ్‌బత్, అలవాటు, ఓపిక ఉండాలన్నాడు. అంటే గుణాన్ని గుర్తించిన తర్వాత ఉస్తాద్ పని మొదలవుతుంది. ఇప్పటి కంపెనీకి గుణాన్ని గుర్తించగానే పని అయిపోతోంది, తలుపు మూసేస్తోంది.

ఆ మూసిన తలుపు పక్కనే ఇంకో దుకాణం తెరిచి ఉంటుంది. అక్కడ అమ్మేది మానవతావాదం.

అమీర్‌పేట గోడలు చూడండి. జావా, పైథాన్, స్పోకెన్ ఇంగ్లీష్ బోర్డుల మధ్య 'నీలోని శక్తిని మేల్కొలుపు' అని ఒక బోర్డు ఉంటుంది. లోపలికి పోతే తప్పకుండా ఒక పిరమిడ్ బొమ్మ. మాస్లో పిరమిడ్. నిజానికి మాస్లో తన రచనల్లో పిరమిడ్ గీయలేదు, తర్వాతివాళ్లు గీశారు. 1943లో ఆయన రాసింది ఏమిటంటే, మనిషికి ముందు తిండి, నిద్ర. తర్వాత భద్రత. తర్వాత నావాళ్లు అనే మొహబ్బత్. తర్వాత ఇజ్జత్. ఇవి కాస్తో కూస్తో తీరాకే తనలో ఉన్నదంతా వికసించాలన్న దాహం పైకి వస్తుందని. అందరిలోనూ వరస ఇలాగే ఉండదని, కొందరు ఆకలితోనే ఆదర్శాల కోసం నిలబడతారని కూడా ఆయనే ఒప్పుకున్నాడు. కానీ ఆయన మాటల్లోని జోర్ ఎక్కడుంది? కింది మెట్టు మీద ఉంది. ఆకలిగా ఉన్నవాడికి ముందు రొట్టె ఇవ్వండి, భయంలో ఉన్నవాడికి ముందు నీడ ఇవ్వండి అనే అర్థం వస్తుంది. మన బజారు ఏం చేసింది? పై మెట్టు ఒక్కటే కోసుకుని పన్నెండు వేలకు అమ్ముతోంది. హాస్టల్లో నీళ్ల పప్పు తిని, తల్లి గాజులు కుదవపెట్టి ఫీజు కట్టిన పిల్లవాడితో 'నువ్వు కలలు కనడం లేదు, అందుకే వెనకబడ్డావు' అంటున్నారు. మాస్లో పేరుతో మాస్లోనే తలకిందులు చేశారు.

కార్ల్ రోజర్స్‌కు ఇంకా పెద్ద జుల్మ్ జరిగింది. ఆయన జిందగీ అంతా చెప్పింది ఒక్కటే. మనిషి ఎదగాలంటే షరతులు లేని ఆదరణ కావాలి. నువ్వు ఇలా మారితేనే నీకు విలువ అనే మాటే మనిషిని లోపల విరగ్గొడుతుంది. ఇప్పుడు ఆ సంస్థవాళ్లు మా పిల్లతో అన్న మొదటి మాట గుర్తు చేసుకోండి: "మిమ్మల్ని పూర్తిగా మార్చేస్తాం." షరతులు లేని ఆదరణ అంటే ఇదేనా?

రోజర్స్ తన బచ్‌పన్‌లోని ఆలుగడ్డల సంగతి ఒకటి చెప్పేవాడు. చలికాలానికని ఇంటి కింది చీకటి గదిలో ఆలుగడ్డలు నిల్వ చేసేవారట. ఎక్కడో పైన ఒక చిన్న కిటికీ. ఆ చీకట్లో కూడా గడ్డలు మొలకెత్తేవి. పాలిపోయిన, బలం లేని మొలకలు ఆ కిటికీ వైపే సాగేవి. అవి ఎన్నటికీ మొక్కలు కాలేవు, అయినా వెలుగు వైపే పోయేవి. చాయ్ తాగి వెనక్కి వచ్చాక మా భాంజీ నాలుగో అంతస్తు వైపు చెయ్యి చూపించింది. "అదిగో మామూ, మా రూము." పక్క బిల్డింగ్ గోడకు రెండు మూరల దూరంలో ఒక చిన్న కిటికీ. నల్గొండ నుంచీ, పాలమూరు నుంచీ, కడప నుంచీ వచ్చిన నలుగురు ఆడపిల్లలు ఆ గదిలో ఉంటారు. ఆ మొలకలకు యాటిట్యూడ్ లేదని తిట్టేవాళ్లను ఏమనాలి? కిటికీ ఎవరు మూశారని అడగడం కదా రోజర్స్ నేర్పిన పాఠం!

మూడోది అస్తిత్వవాదం. దీన్ని అమ్మే తీరు మరీ సిగ్గుచేటు, ఎందుకంటే ఇది మౌత్ మధ్యలోంచి వచ్చిన ఇల్మ్. వియన్నా డాక్టర్ విక్టర్ ఫ్రాంకల్‌ను యూదుడన్న ఒకే కారణంతో నాజీలు 1942లో నిర్బంధ శిబిరానికి పంపారు. ఆష్విట్జ్ చూశాడు. 1945లో బయటపడేసరికి భార్య లేదు, తల్లి లేదు, తండ్రి లేడు, సోదరుడు లేడు. అన్నీ లాగేసుకున్నా, జరిగినదాని ముందు ఎలా నిలబడాలో ఎంచుకునే హక్కు మనిషికి మిగులుతుందని 1946లో పుస్తకం రాశాడు. ఆ హక్కును మనవాళ్లు ఒక పోస్టర్ చేశారు: 'పరిస్థితులు కాదు, నీ దృక్పథమే ముఖ్యం.' జీతం తక్కువా? దృక్పథం మార్చుకో. పన్నెండు గంటల షిఫ్టా? దృక్పథం మార్చుకో. అదే పుస్తకంలో ఫ్రాంకల్ చెప్పిన రెండో సగం ఎవరూ చెప్పరు. తప్పించగలిగిన బాధ అయితే ముందు దాని కారణాన్ని తొలగించాలి, తప్పించగలిగిన బాధను భరిస్తూ కూర్చోవడం బహాదురీ కాదు అని ఆయన సాఫ్‌గా రాశాడు.

సార్త్ర్ 1943లో ఒక హోటల్ వెయిటర్ గురించి రాశాడు. ఆ మనిషి నడక మరీ చురుకు, వంగడం మరీ మర్యాద. వెయిటర్‌గా ఉండటం లేదు, వెయిటర్ వేషం ఆడుతున్నాడు. తన ఆజాదీని తనకు తెలియకుండా దాచుకునే ఈ నాటకాన్ని సార్త్ర్ ఆత్మవంచన అన్నాడు. నలభై రోజుల కోర్సులో నేర్పేది అచ్చం ఇదే. కరచాలనం ఇంత గట్టిగా, నవ్వు ఇంత వెడల్పుగా, కళ్లలోకి ఇన్ని సెకన్లు. ఏ నాటకం నుంచి మనిషిని విడిపించాలని ఆయన రాశాడో ఆ నాటకానికే ఇక్కడ సర్టిఫికెట్ ఇస్తున్నారు.

మనవాడైన ఇక్బాల్‌నూ వదల్లేదు. ఖుదీ అనే మాట ఇప్పుడు మోటివేషన్ స్పీకర్ల నోట్లో చూయింగ్ గమ్ అయిపోయింది. 1915లో ఆయన అస్రారె ఖుదీ రాశాడు. సరే. కానీ 1918లో రుమూజె బేఖుదీ కూడా రాశాడు కదా! ఖుదీ ఒంటరిగా పండదు, జమాత్‌లో పండుతుంది అనేది ఆ రెండో కితాబ్ సారం. 1929లో ఆయన ఇదే హైదరాబాద్‌కు వచ్చి లెక్చర్లు ఇచ్చాడు. అప్పటికి పదకొండేళ్ల వయసున్న ఉస్మానియాలో ఫల్సఫా, నఫ్సియాత్ ఈ నేల జబాన్‌లో క్లాసు గదిలో బోధించేవారు. దారుల్ తర్జుమాలో కూర్చుని ఒక్కో ఇల్మీ మాటకు ఉర్దూ మాట వెతికేవారు. అదే షహర్‌లో ఇవాళ ఒక పిల్ల మనసును ఆమెకు సగమే అర్థమయ్యే జబాన్‌లో అరగంటలో తూచి పారేస్తున్నారు.

'అయితే కంపెనీలు మనుషుల్ని ఎలా ఎంచుకోవాలి? వేలమంది వస్తే అందరితో కూర్చుని మాట్లాడగలమా?' అని అడుగుతారు. వాజిబ్ సవాలే. నా జవాబు ఇది. ఏ పని ఇస్తారో ఆ పనే ఒక పూట చేయించి చూడండి. ప్రశ్నలు తెలుగులో, ఉర్దూలో కూడా ఇవ్వండి. తీసుకోకపోతే ఏం కొలిచారో, ఎందుకు వద్దన్నారో కాగితం మీద రాసి ఇవ్వండి. మనిషి గుణాన్ని కొలిచి చెప్పే హక్కు మీకుంటే, ఆ కొలత చూసే హక్కు ఆ మనిషికి ఉండాలి. ఇక కోర్సులు అమ్మేవాళ్లకు గుజారిష్: ఇంగ్లీష్ నేర్పండి, ఇంటర్వ్యూలో మాట్లాడటం నేర్పండి, ఫీజు తీసుకోండి, హలాల్ కమాయీ. పిల్లల షఖ్సియత్‌కు రిపేర్ చేస్తామని మాత్రం బోర్డు పెట్టకండి.

టీచర్లకు కూడా ఒక మాట, ముందు నాకు నేనే చెప్పుకుంటూ. ఆ చాప్టర్ మళ్లీ చెప్పే మౌఖా దొరికితే బిట్లు తర్వాత చెప్పండి. ముందు ఆ ఆలుగడ్డల సంగతి చెప్పండి.

అరబ్బీలో షఖ్స్ అంటే అసలు మాయనే దూరం నుంచి కనిపించే ఆకారం. ఇంగ్లీషు పర్సనాలిటీకి మూలమైన లాటిన్ మాటకు అర్థం నాటకంలో పెట్టుకునే మాస్క్. మన వ్యక్తిత్వంలో ఉన్నది వ్యక్తమైంది, అంటే పైకి కనబడింది అని. మూడు జబాన్‌లూ ఇది పైకి కనిపించేది మాత్రమేనని హెచ్చరిస్తూనే ఉన్నాయి. లోపల ఏముందో తెలియాలంటే దగ్గరికి రావాలి, కూర్చోవాలి, కనీసం రెండో చాయ్ వచ్చేదాకా ఆగాలి.

ఆ రోజు మగ్రిబ్ వేళకు హాస్టల్ గేటు దగ్గర విడిచిపెడుతూ "నీ షఖ్సియత్‌లో ఏ ఐబ్ లేదు బేటా, వాళ్ల తరాజులో నీ బాట్ లేదు, అంతే" అన్నాను. వెంటనే నమ్మలేదు. కానీ పన్నెండు వేలు కట్టలేదు. మరుసటి వారం ఇంకో చోటికి ఇంటర్వ్యూకి పోతూ ఫోన్ చేసింది. "మామూ, మళ్ల పార్టీ గురించి అడిగితే ఏం పెట్టాలె?"

"దావత్ అనుకుని పెట్టు" అన్నాను. నవ్వింది. ఆపాకు ఫోన్ చేసి చెప్పాను, బిడ్డ నవ్వింది అని.